పినియన్ లోతు ఎవరు కొలవాలి?

వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్‌కి ఈశాన్యాన ఉన్న బాతెల్, కొంత కింగ్ కౌంటీలోనూ కొంత స్నోహోమిష్ కౌంటీలోనూ పరుచుకున్న ఊరు. అక్కడి తెలుగు ఇళ్ళలో శనాదివారాలు పిల్లల మనబడి తెలుగు క్లాసులకీ, గుడికీ, భోజనాల పిలుపులకీ పోతాయి. కొద్దిమందికి మాత్రం కొండదారుల పిచ్చి. గోల్డ్ బార్ దగ్గరి రైటర్ ఫుట్‌హిల్స్, మౌంట్ వెర్నన్ పక్కన వాకర్ వ్యాలీ, రెయినియర్ కొండ వైపు ఎవాన్స్ క్రీక్ వాళ్ళ తీర్థాలు.

ఈ సంవాదంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. తండ్రి ఒకప్పుడు పాడేరు ఏజెన్సీలో సంతలకి జీపు నడిపాడు. అక్క లెక్కలు చూసే ఉద్యోగి. తమ్ముడు సాఫ్ట్‌వేర్ మనిషి. అతనిది 2013 నాటి జీప్ రాంగ్లర్ స్పోర్ట్. యాక్సిళ్ళ పనికి షాపు వాళ్ళు 3,800 డాలర్లు అడిగారు. ఇవ్వాలా, వద్దా అన్నది తగువు.

తమ్ముడు: ధర చూశావుగా అక్కా. ముందూ వెనకా కొత్త క్రౌన్ పినియన్లు, బేరింగులు, వెనక రెండు చక్రాల్నీ కలిపి తిప్పే లాకరు ఒకటి, ముందు యాక్సిల్ తొడుగుకి, అదే హౌసింగుకి, వెల్డింగు చేసి దన్ను కట్టడం, కూలి, అన్నీ అందులోనే. ఇచ్చేద్దామనుకుంటున్నా.

అక్క: ఇవ్వబోయే ముందు ఒకటి చెప్పు. బండికి ఏం జబ్బు చేసింది? యాక్సిల్ విరిగిందా? బేరింగు మోగుతోందా?

తమ్ముడు: అలాంటిదేం లేదు. 35 అంగుళాల టైర్లు వేసిన దగ్గర్నుంచీ లాగడం మానేసింది. స్టీవెన్స్ పాస్ ఎక్కుతుంటే ఒక గేరులో నిలవదు, కింది గేర్లకి దిగుతూనే ఉంటుంది.

అక్క: అంటే జబ్బు నువ్వు కొని తెచ్చుకున్నదే. కంపెనీ ఇచ్చిన టైరు ఎంత?

తమ్ముడు: 29 అంగుళాలకి కాస్త ఎక్కువ. నా బండి గేరు నిష్పత్తి 3.73. యాక్సిల్ లోపల చక్రాల్ని తిప్పే పెద్ద పళ్ళచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. పినియన్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చక్రం పెద్దదైతే ఆ ఒక్క చుట్టుకే బండి ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఇంజను మీద బరువు పడుతుంది. 3.73ని 29తో గుణించి 35తో భాగించు, 3.09 వస్తుంది. ఇంజను దృష్టిలో నా బండి ఇప్పుడు 3.09 బండి. మళ్ళీ మొదటి స్థితికి రావాలంటే 4.50 కావాలి. బజార్లో దానికి దగ్గరగా దొరికేది 4.56.

అక్క: అదే లెక్క 33 అంగుళాల టైరుకి వెయ్యి.

తమ్ముడు: 3.28.

అక్క: నీ బండినే ఆ కంపెనీ 3.21 గేరుతో, చిన్న టైర్లతో కూడా అమ్మింది కదా. 33 వేసుకుంటే నువ్వు వాళ్ళకంటే మెరుగ్గానే ఉంటావు. గేర్లు మార్చక్కర్లేదు, 3,800 మిగులుతుంది.

తమ్ముడు: ఆ 3.21 హైవే మైలేజీ కోసం పెట్టింది అక్కా, బండల మీద పాకడానికి కాదు. పైగా కొత్త టైరు పొడవులోనే కాదు, బరువులోనూ ఎక్కువే. ముందు ఇనప బంపరు కూడా ఉంది. ఇంకో సంగతి. స్ప్రింగులు ఎత్తు చేస్తే బాడీ లేస్తుందే తప్ప యాక్సిల్ లేవదు. బండరాయికి తగిలేది యాక్సిల్ మధ్యలో గేర్లుండే బుర్ర. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే.

అక్క: ఎంత లేపుతుంది? 33కీ 35కీ తేడా రెండంగుళాలు. భూమి నుంచి యాక్సిల్‌కి అందులో సగమే దక్కుతుంది. ఒక్క అంగుళం కోసం ఇంత డబ్బా?

తమ్ముడు: రైటర్‌లో ఆ ఒక్క అంగుళమే దాటడానికీ, ఇరుక్కోవడానికీ తేడా. అయినా ఈ బండి సరదా కోసమే కొన్నాను, దాచడం లేదు. సరదా కోసం పెట్టిన ఖర్చుకి లాభనష్టాల పట్టీ వేస్తే ఏ సరదా మిగులుతుంది?

అక్క: సరదాకి పట్టీ వెయ్యను, సరే. కానీ నీ సరదా కొండెక్కడమా, బండి పనా? రెండూ అయితే సగం సరదాని 3,800 ఇచ్చి ఇంకొకడికి అప్పగిస్తున్నావు. గరాజి ఉంది, జాకీ ఉంది, నేనున్నాను. మనమే విప్పుదాం.

తమ్ముడు: నా శనివారాల విలువ నీ పట్టీలో లేదు.

అక్క: నీ శనివారాన్ని ఎవరూ కొనడం లేదురా. నీది నెల జీతం. గంటకి ఇంత అని నీ సెలవు రోజుకి ధర కట్టి, దాంతో షాపు కూలిని పోల్చడం దొంగలెక్క. ఆ పూట పని చెయ్యకపోతే నువ్వేం డాలర్లు సంపాదించవు, సోఫాలో క్రికెట్ చూస్తావు.

తమ్ముడు: కూతుర్ని మనబడికి తీసుకెళ్తాను. దాన్నీ ఎవరూ కొనరు, అయినా దానికి విలువ ఉంది. సరే, డబ్బు లెక్కే మాట్లాడదాం. ఈ పనికి కావలసిన సామాను విను. గేర్ల సందు కొలవడానికి డయల్ గేజి, పినియన్ బిగువు చూడడానికి అంగుళం-పౌండ్లలో చదివే టార్క్ రెంచి, బేరింగులు దించడానికి పుల్లరు, ఎక్కించడానికి ప్రెస్సు. ఇవన్నీ కొని వాడేది ఒక్కసారి.

అక్క: వాడి అమ్మెయ్యి. లేకపోతే ఈ ఊళ్ళో జీపులున్న మనవాళ్ళు నలుగురు కలిసి కొనుక్కోండి. పక్క కౌంటీ నుంచి దోసెల పెనం అరువు తెచ్చుకునే మనం డయల్ గేజి పంచుకోలేమా?

తమ్ముడు: పనిముట్టు అరువొస్తుంది, చెయ్యి రాదు. బ్రేకులు నేనే మార్చాను, కాదనలేదు. షాక్ అబ్జార్బర్లు నేనే వేశాను. ఇది ఆ జాతి పని కాదు. పినియన్ హౌసింగులో ఎంత లోతుకి కూర్చోవాలన్నది షిమ్ములనే సన్నటి రేకు బిళ్ళలతో తేల్చాలి. తర్వాత క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య సందు చూడాలి. నా బండికున్న డానా కంపెనీ యాక్సిళ్ళలో అది అంగుళంలో వెయ్యో వంతులు ఆరు నుంచి పది దాకా ఉండాలి. ఆపైన పళ్ళకి గడపకి పసుపు రాసినట్టు పసుపుపచ్చ పేస్టు రాసి, తిప్పి, పన్నుకి పన్ను ఎక్కడ ఒరుసుకుంటోందో అచ్చు చూడాలి. అచ్చు పన్ను మొదట్లోకో చివరికో జరిగితే మొత్తం విప్పి, షిమ్ము మార్చి, మళ్ళీ బిగించాలి. చెయ్యి తిరిగినవాళ్ళు కూడా మూడు నాలుగుసార్లు విప్పుతారు.

అక్క: విప్పడం బిగించడమే అయితే ఓపిక ఉన్నవాడిదే గెలుపు. మనకి తొందరేం లేదు.

తమ్ముడు: ఓపికతో తీరనిది ఒకటుంది. రెండు పినియన్ బేరింగుల మధ్య నలిగే స్లీవు ఒకటి వేస్తారు. నట్టు బిగించేకొద్దీ అది నలిగి బేరింగులకి సరైన బిగువు తెస్తుంది. అది నలగడానికి బలమంతా పెట్టాలి, కానీ ఒక్క రవ్వ ఎక్కువ నలిగిందా, వెనక్కి రాదు. పారేసి కొత్తది వెయ్యాలి.

అక్క: పారేసి కొత్తది వేద్దాం. స్లీవు ధర ఎంతని?

తమ్ముడు: ఎక్కువ నలిగిందని నీకు తెలిస్తే కదా పారేసేది! నా భయమంతా అక్కడే అక్కా. బ్రేకు పని తప్పు చేస్తే మన డ్రైవ్‌వేలోనే తెలుస్తుంది, పెడల్ మెత్తగా దిగిపోతుంది. షాక్ తప్పు బిగిస్తే వీధి చివరికి వెళ్ళేలోగా టకటకమంటుంది. పినియన్ లోతు తప్పితే ఆ రోజు ఏమీ కాదు. బండి నున్నగా పోతుంది, నువ్వు నా వీపు తడతావు. వెయ్యి మైళ్ళ తర్వాత ఐ-405 మీద సన్నగా కూత మొదలవుతుంది. అప్పటికి పళ్ళు అరిగిపోయి ఉంటాయి. చేసిన రోజున కంటికి కనపడని తప్పు ఏ పనిలో ఉందో, ఆ పనికే నేను డబ్బిస్తాను. కనపడే తప్పు ఉన్న పనులన్నీ మనమే చేసుకుందాం.

అక్క: ఈ మాట బాగుంది. కానీ అది రెండు వైపులా కోస్తుంది. నీ తప్పు నీకు కనపడనట్టే షాపువాడి తప్పూ నీకు కనపడదు. వాడు మూడుసార్లు విప్పాడో, మొదటిసారి వచ్చిన అచ్చుకే సర్దుకుని మూత బిగించాడో నీకేం తెలుసు? డబ్బు ఇచ్చినంత మాత్రాన తప్పు మాయమవదు, నీ గరాజి నుంచి వాళ్ళ షెడ్డుకి మారుతుంది.

తమ్ముడు: వాళ్ళు ఏళ్ళ తరబడి ఇదే చేస్తున్నారు.

అక్క: ఏళ్ళ తరబడి తప్పు చేసేవాళ్ళూ ఉంటారు. నాన్న సంగతి మర్చిపోయావా?

తమ్ముడు: నాన్న సంగతి నాకే సాక్ష్యం. వంట్లమామిడి ఘాట్‌లో చక్రం బేరింగు పోతే రోడ్డు పక్కనే మార్చేవాడు. స్ప్రింగు పట్టీ విరిగితే తాడు కట్టి సంతకి చేర్చేవాడు. క్రౌన్ పినియన్ దగ్గరికొచ్చేసరికి ఏనాడైనా ముట్టుకున్నాడా? అనకాపల్లి షెడ్డుకి దింపేవాడు.

అక్క: దింపి ఏం చేసేవాడో కూడా చెప్పు. సినిమాకి వెళ్ళేవాడా? మేస్త్రీ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పళ్ళ మీద అచ్చు తన కంటితో చూస్తే తప్ప మూత బిగించనిచ్చేవాడు కాదు. పాత బేరింగులు గుడ్డలో మూటకట్టి ఇంటికి తెచ్చేవాడు. పని మేస్త్రీదే, నిఘా నాన్నది. నువ్వు తాళాలు వాళ్ళ బల్ల మీద పెట్టి, ఫోన్ వచ్చేదాకా ఆఫీసులో కూర్చుంటానంటున్నావు. రెండూ ఒకటేనా?

తమ్ముడు: ఇక్కడ స్టూలు వెయ్యనివ్వరు. ఇన్సూరెన్సు నిబంధన అని పని జరిగేచోటికి కస్టమర్‌ని రానివ్వరు.

అక్క: స్టూలు లేదు, చట్టం ఉంది. ఈ రాష్ట్రంలో ఆటో రిపేరు చట్టమని ఒకటుంది, ఎప్పుడైనా చదివావా? వంద డాలర్లు దాటే పనికి రాతపూర్వకంగా ఎస్టిమేటు అడిగే హక్కు నీది. అందులో రాసినదానికంటే పది శాతం మించి అడగాలంటే ముందు నీ ఒప్పుదల తీసుకోవాలి. విప్పేసిన పాత సామాను కావాలని పని ఒప్పుకునేటప్పుడే చెబితే, తిరిగి ఇవ్వాలి. నాన్న గుడ్డలో కట్టి తెచ్చిన మూట ఇక్కడ నీకు చట్టమే ఇస్తోంది.

తమ్ముడు: పది శాతం అంటే 3,800 మీద 380. నన్ను అడక్కుండానే 4,180 దాకా పోవచ్చన్నమాట.

అక్క: దాని మీద అమ్మకం పన్ను వేరే. ఈ రాష్ట్రంలో సామానుకే కాదు, రిపేరు కూలికీ పన్ను ఉంది. మన ఊళ్ళో అది పది శాతం పైనే. అంటే సుమారు 4,600 దాకా నువ్వు సిద్ధపడాలి. 3,800 అనుకుని బయల్దేరినవాడికి ఆ 800 మోసంలా అనిపిస్తుంది. ముందే తెలిసినవాడికి అది లెక్క.

తమ్ముడు: నువ్వు నా వైపు వచ్చేస్తున్నట్టున్నావే.

అక్క: నీ వైపు రాలేదు. డబ్బిస్తే ఇక నేర్చుకోనక్కర్లేదన్న నీ ధీమాతోనే నా పేచీ. చేయించుకునేవాడికి పని చెయ్యడం రాకపోయినా పరవాలేదు, పని అయిందో లేదో చూడ్డం రావాలి. ఇప్పుడు వాళ్ళని ఏమేం అడుగుతావో చెప్పు, విందాం.

తమ్ముడు: ఒకటి, సందు ఎంత వచ్చిందో, పినియన్ బిగువు ఎంత వచ్చిందో అంకెలతో కాగితం మీద రాసివ్వాలి. రెండు, మూత బిగించేముందు పళ్ళ మీద అచ్చుకి ఫోటోలు, ముందుకి లాగే వైపూ వెనక్కి తోసే వైపూ రెండూ. మూడు, పాత బేరింగులు, పాత క్రౌన్ పినియన్ నాకే. నాలుగు, కూత వస్తే ఎవరి ఖర్చు మీద విప్పుతారు?

అక్క: నాలుగోది అన్నిటికంటే ముందు అడుగు. సామాను నువ్వు కొని తెచ్చిస్తే చాలా షాపులు కూలికి గ్యారంటీ ఇవ్వవు. ఇంటర్నెట్‌లో వంద డాలర్లు తక్కువకి దొరికిందని గేర్లు నువ్వే కొంటే, చెడినప్పుడు వాళ్ళు సామాను మీదికి, అమ్మినవాడు బిగించినవాడి మీదికి తోసుకుంటారు. సామాను వాళ్ళచేతే తెప్పించు. కొండదారుల్లో నడిపితే గ్యారంటీ చెల్లుతుందా అన్నదీ రాయించుకో.

తమ్ముడు: సరే. మరి మనం చేసుకునే పని ఏం మిగిలింది?

అక్క: యాక్సిళ్ళు బండి కింద నుంచి దించడం. చక్రాలు, బ్రేకులు, స్ప్రింగులు విప్పి హౌసింగులు పికప్‌లో పడేసి తీసుకెళ్తే వాళ్ళ కూలి తగ్గుతుంది. ఇవన్నీ నువ్వు చెప్పిన కనపడే తప్పుల పనులే.

తమ్ముడు: అదే టొయోటా 4రన్నర్ అయితే వెనక యాక్సిల్‌లో గేర్ల ముద్ద మొత్తం ఊడొస్తుంది, డిక్కీలో పెట్టుకుని వెళ్ళొచ్చు. డానాలో గేర్లు హౌసింగులోనే కూర్చుంటాయి, హౌసింగే మొయ్యాలి. పైగా మన కాలనీ సంఘం రూలు నీకు తెలుసుగా. చక్రాల్లేని బండి డ్రైవ్‌వేలో రెండు వారాలు స్టాండ్ల మీద నిలబడితే మూడో రోజున ఉత్తరం వస్తుంది. బాతెల్‌లో అక్టోబరు నుంచి వాన ఆగదు. గరాజిలోనే చేద్దామంటే అందులో నీ మరదలి కారుంది. కూలి తగ్గేది కొన్ని వందలు, పడే యాతన అంతకి మించి. ఇందులో మాత్రం నేను తగ్గను.

అక్క: కాలనీ రూలు బలమైన వాదనే, ఒప్పుకుంటున్నా. అయితే రెండు విడతలుగా చెయ్యి. ఇప్పుడు వెనకది, వసంతంలో ముందుది. డబ్బు సర్దుబాటూ తేలిక.

తమ్ముడు: కుదురుతుంది, ఒక షరతు మీద. ముందొక నిష్పత్తి, వెనకొక నిష్పత్తి ఉన్నన్నాళ్ళూ ఫోర్ వీల్ లివరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఇంకో వేగం అంటాయి, మధ్యలో రెంటికీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నలుగుతుంది. ఈ లోపు మంచు పడితే? ఫోర్ వీల్ కోసమే కొన్న బండిలో ఫోర్ వీల్ లేని చలికాలమా?

అక్క: అది తప్పే. రెండూ ఒకేసారి చేయించు. మరి లాకరెందుకు? దాన్ని తీసేస్తే వెయ్యి తగ్గుతుంది కదా.

తమ్ముడు: ఇక్కడ నీ లెక్కే నాకు పనికొస్తుంది. లాకరు వెయ్యాలన్నా గేర్లు మార్చాలన్నా విప్పేది ఒకే హౌసింగు, కొలిచేది అవే కొలతలు. ఇప్పుడు వేయిస్తే దాని కూలి దాదాపు ఇందులోనే కలిసిపోతుంది. రెండేళ్ళాగి వేయిస్తే మొత్తం కూలి మళ్ళీ కట్టాలి.

అక్క: అది నిజమైన లెక్క. అయితే స్విచ్చు నొక్కితే పట్టేదే వేయించు. దానంతటదే పట్టేది చవకే గానీ, తడిరోడ్డు మీద మలుపు తిరుగుతున్నప్పుడు వెనక చక్రాలు రెండూ కలిసి తోస్తే బండి తోక జారుతుంది. ఇక్కడ తడవని రోడ్డు ఏడాదికి ఎన్నాళ్ళు? సరే, ముందు హౌసింగుకి వెల్డింగు ఎందుకు?

తమ్ముడు: ముందున్నది డానా 30, వెనకదాని కంటే చిన్నది. 35 టైర్లతో గుంటల్లో దూకితే గొట్టాలు వంగుతాయి, స్టీరింగు పట్టుకునే కొసలు వంగుతాయి. అందుకే దన్ను.

అక్క: పళ్ళ బలం కూడా తగ్గుతుంది, అది చెప్పలేదేం? 3.73లో క్రౌన్‌కి 41 పళ్ళుంటే పినియన్‌కి 11. 4.56లో అదే 41కి పినియన్ పళ్ళు 9. నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ సన్నబడుతుంది. నువ్వు టైరు బరువు పెంచి, దాన్ని తిప్పే పన్ను చిన్నది చేస్తున్నావు. వెల్డింగు గొట్టాన్ని కాపాడుతుంది, పన్నుని కాదు. 33 దగ్గర ఆగితే ఈ గొలుసు మొదలే కాదు.

తమ్ముడు: నేచెస్ కనుమ దారి గుర్తుందా? 1853లో లాంగ్‌మైర్ కుటుంబం ఉన్న వలసవాళ్ళ బిడారు ఆ కనుమ దాటుతూ, ఒకచోట దిగుడు మరీ నిటారుగా ఉంటే బండ్లని తాళ్ళతో కిందికి దించింది. ఇప్పుడా దారిలో జీపులు పోతున్నాయి. వాళ్ళూ 33 దగ్గర ఆగి ఉంటే...

అక్క: వాళ్ళకి వేరే దారి లేదు, నీకు హైవే ఉంది. వాళ్ళు సరదాకి దిగలేదు. చరిత్రని నీ టైర్ల కిందికి తోయకు.

తమ్ముడు: సరే, చరిత్ర వెనక్కి తీసుకుంటా. టైర్లు మాత్రం తీసుకోను. కొనేశాను, తొక్కేశాను, షాపువాడు వాపసు పుచ్చుకోడు.

అక్క: టైర్ల మీద నేను ఓడిపోయాను, యాక్సిల్ మీద ఓడిపోలేదు. ఇదీ నా తీర్పు. గేర్ల పని షాపుకే ఇవ్వు, అది కనపడని తప్పుల పని. ఎస్టిమేటు రాతలో తీసుకో. కొలతలు, ఫోటోలు ఇవ్వనన్న షాపు ఎంత తక్కువకి చేస్తానన్నా దాని గడప తొక్కకు. కొత్త టైరు కొలత, కొత్త నిష్పత్తి బండి కంప్యూటర్‌కి చెప్పించు. లేకపోతే స్పీడు 50 చూపిస్తుంటే నువ్వు 60లో పోతుంటావు, పోలీసుకి ఈ భాగహారం వివరించలేవు.

తమ్ముడు: బండి చేతికొచ్చాక?

అక్క: మొదటి రోజున పదిహేను, ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వు. అలా కొన్నిసార్లు. 500 మైళ్ళు తిరిగేదాకా రైటర్ లేదు, ట్రైలరు లాగడం లేదు. 500 దాటాక గేరు ఆయిల్ మార్చే పని మాత్రం షాపుకి ఇవ్వడానికి వీల్లేదు. అది నీ చేత్తో నువ్వే తియ్యాలి. పాత ఆయిల్‌ని పళ్ళెంలోకి దింపి, టార్చి వేసి చూడు. సన్నటి బూడిదలాంటి పొడి ఉంటే గేర్లు కుదురుకుంటున్నాయని. తళుక్కుమనే ముక్కలుంటే ఆ పళ్ళేన్నీ, వాళ్ళు రాసిచ్చిన కాగితాన్నీ పట్టుకుని షాపుకెళ్ళు.

తమ్ముడు: అప్పుడు వాళ్ళు నీ నడపడంలోనే తప్పుందంటే?

అక్క: అందుకే మైళ్ళు, తేదీలు రాసి పెట్టుకోమంటున్నా. ఆయిల్ మార్చే రోజున నన్ను పిలువు, టార్చి నేను పడతాను. ముందు రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఆ నాలుగు ప్రశ్నలూ అడుగు. జవాబుల్ని బట్టి అడ్వాన్సు సంగతి చూద్దాం.